లడఖ్‌కా? స్పితికా?

కోలారు జిల్లా వాళ్ళు ఎడారి చూడ్డానికి డబ్బు ఖర్చుపెట్టుకుని వెళ్ళాలా అని ఎవరైనా నవ్వితే నవ్వవచ్చు. మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు మన మీదుగానే పోతుంది కానీ అందులో నిండుగా నీళ్ళు చూశామని చెప్పుకునేవాళ్ళు తక్కువ. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. బెంగళూరు వాడి వదిలేసిన నీటిని శుద్ధిచేసి, కోరమంగల-చల్లఘట్ట పథకం కింద 2018 నుంచి మన చెరువులకు పంపుతున్నారంటే మన దాహం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక కె.జి.ఎఫ్. సంగతి వేరే చెప్పాలా? ఊళ్ళోకి రాగానే కనిపించే ఆ సైనైడ్ దిబ్బలు! రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం లాగేసి, మిగిలిన పొడిని వందేళ్ళకు పైగా పోసుకుంటూ వచ్చిన గుట్టలవి. చెట్టు లేదు, చేమ లేదు. ఎండాకాలం గాలి లేచిందంటే ఆ పొడి ఇళ్ళలోకి వచ్చి కూర్చుంటుంది. సినిమా వాళ్ళకు ఎడారిలాంటి చోటు కావాలంటే ఇక్కడికే వచ్చి తీసుకుపోయారు.

అయినా మనిషి మనసు విచిత్రమైనది. ఉన్న ఎడారి చాలక ఇంకో ఎడారి కోసం వెతుకుతుంది. ఈ మధ్య మన తెలుగు కుటుంబాల్లో సెలవుల మాట వస్తే ఊటీ, కొడైకెనాల్ వెనక్కి పోయాయి. "లడఖ్ వెళ్ళారా? స్పితి చూశారా?" అన్నదే ప్రశ్న. నిరుడు సెప్టెంబరులో మా ఇంట్లోనూ ఇదే చర్చ నెల రోజులు నడిచింది. మేము ఏది ఎంచుకున్నామో, ఎందుకు ఎంచుకున్నామో చెబితే వెళ్ళాలనుకునే మరో నాలుగు కుటుంబాలకు పనికొస్తుందని ఈ వ్యాసం.

రెండూ ఒకటే కదా?

దూరం నుంచి చూస్తే రెండూ కవలపిల్లలే. హిందూ మహాసముద్రం మీంచి వచ్చే వర్షపు మబ్బులు హిమాలయాల దక్షిణపు వాలులోనే చాలావరకు కురిసేస్తాయి. కొండల వెనక్కి చేరేసరికి వాటిలో పెద్దగా మిగలదు. ఆ వెనకభాగంలో ఉన్నవే లడఖ్, స్పితి. లేహ్‌లో ఏడాదికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని పేరుపడ్డ మన కోలారులో సైతం ఏడు వందలకు పైనే పడుతుంది! కొండల మీది మంచు కరిగి వచ్చే నీటిని చిన్న చిన్న కాలువల్లో మళ్ళించి బార్లీ, బఠాణీ పండించుకుంటారు. రెండు చోట్లా టిబెట్ సంప్రదాయపు బౌద్ధమే. కొండ కొమ్ముల మీద తెల్లటి గోంపాలు, కింద నదికి ఆనుకుని పచ్చటి చిన్న పల్లె, చుట్టూ బోడి కొండలు. రెండిటి ఫోటోలు కలిపేస్తే విడదీయడం కష్టమే.

పరిపాలనలో మాత్రం వేరు. లడఖ్ 2019 అక్టోబరు 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. స్పితి హిమాచల్ ప్రదేశ్‌లోని లాహుల్-స్పితి జిల్లాలో సగభాగం. లేహ్ ఎత్తు సుమారు 11,500 అడుగులు. స్పితికి ముఖ్యపట్టణమైన కాజా దాదాపు 12,000 అడుగులు. అంటే ఎత్తులో కూడా పెద్ద తేడా లేదు.

మరి చర్చ నెల రోజులు ఎందుకు నడిచిందంటారా? చూడబోయే చోటు గురించి కాదు, వెళ్ళబోయే మనుషుల గురించి.

ఆరుగురు, ఆరు ఊపిరులు

బ్యాంకులో నాకు ప్రయాణ రాయితీ సెలవు ఉంది. నేను, మా ఆవిడ, ఉద్యోగంలో చేరిన అబ్బాయి, డిగ్రీ చదివే అమ్మాయి, ఇదీ మొదటి లెక్క. అక్క, బావ కూడా రావాలని మా ఆవిడ పట్టుబట్టింది. వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. తిరుపతి, ధర్మస్థల తప్ప బావ కోలారు గడ్డ దాటి చూసింది లేదు. దాటింది మాత్రం కిందికి!

మన పిల్లలకు తెలియదేమో, చెప్పుకోవాలి. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాట. ప్రపంచంలోని లోతైన గనుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. కె.జి.ఎఫ్. సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి, ఆ గని అడుగు సముద్రమట్టానికి రెండు కిలోమీటర్లకు పైగా కింద ఉన్నట్టు లెక్క. అక్కడ రాయి వేడి 65 డిగ్రీలు దాటేది. పై నుంచి చల్లబరిచిన గాలిని పంపితే తప్ప మనిషి పని చేయలేడు. ఉన్నట్టుండి బండ పేలిపోయే ప్రమాదం మరొకటి. మా బావ 1970ల చివర్లో చేరి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే దాకా భూమి లోపలే పనిచేశారు.

అక్కడ దిగిన వాళ్ళందరి ఊపిరితిత్తుల్లో ఎంతో కొంత రాతి దుమ్ము మిగిలింది. 1940లలో కోలారు గనుల్లో ఏడున్నర వేల మందికి పైగా కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ బయటపడింది. తర్వాత రాతిని తడిపి తొలవడం, గాలి ఆడేలా చూడడం వంటి జాగ్రత్తలు పెరిగాయి. అయినా దుమ్ము దుమ్మే. బావకు మెట్లు ఎక్కితే ఆయాసం. పొద్దున్నే కాసేపు దగ్గు. ఎక్స్‌రేలో చిన్న మచ్చలు. అలాంటి మనిషిని గాలి పలచబడే చోటికి తీసుకుపోవచ్చా? ఇదీ మా అసలు ప్రశ్న.

మాట తెలిసి బావ ఒకరోజు ఇంటికి వచ్చారు. "నా గురించి చూసుకోవద్దు. నన్ను వదిలిపెట్టి మీరంతా పోయి రాండప్పా. పాతాళం చూసినాను, కైలాసం చూడకపోతే ఏమైంది?" అన్నారు నవ్వుతూ. అక్క ఏమీ అనలేదు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ గ్లాసులు కడగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

లడఖ్ పద్దు

అబ్బాయి ఓటు లడఖ్‌కు. వాడి వాదనలో పస లేకపోలేదు. బెంగళూరులో విమానం ఎక్కితే ఢిల్లీ మీదుగా ఒక్క పూటలో లేహ్‌లో దిగుతాం. వారం రోజుల సెలవు చాలు. చూడ్డానికి ఎన్ని ఉన్నాయి! దాదాపు 14,000 అడుగుల ఎత్తున రంగులు మార్చే పాంగాంగ్ సరస్సు. నుబ్రా లోయలో హుందర్ దగ్గర అచ్చమైన ఇసుకతిన్నెలు, వాటి మీద రెండు మూపురాల ఒంటెలు. థిక్సే, హెమిస్ గోంపాలు, ఆల్చీలోని పాత గోడచిత్రాలు. లేహ్ పక్కనే సింధునది. పుస్తకాల్లో చదువుకున్న సింధువును చేత్తో తాకవచ్చు.

హాన్లే గురించి మాత్రం మన కోలారు వాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 14,700 అడుగులకు పైన అక్కడ భారత ఖగోళభౌతిక సంస్థ వారి పెద్ద దూరదర్శిని ఉంది. దాన్ని ఎక్కడి నుంచి నడుపుతారో తెలుసా? మనం బెంగళూరుకు పోతూ వస్తూ దాటే హొసకోట దగ్గరి కేంద్రం నుంచి, ఉపగ్రహం ద్వారా! మన గనులకూ ఇలాంటి కథే ఉంది. ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినో అనే కణాన్ని పట్టుకోవడానికి టాటా సంస్థ శాస్త్రజ్ఞులు, ఇంగ్లండు, జపాన్ శాస్త్రజ్ఞులతో కలిసి కె.జి.ఎఫ్.లో రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. 1965లో దాని జాడ కనిపెట్టారు. నక్షత్రాల కోసం ఒకరు కొండెక్కితే, మరొకరు గనిలోకి దిగారన్నమాట. ఇది విన్నాక బావ చాలాసేపు హాన్లే ఫోటో చూస్తూ కూర్చున్నారు.

లడఖ్ పద్దులో ఇంకో జమ ఉంది. లేహ్ పెద్ద ఊరు. జిల్లా స్థాయి ఆసుపత్రి ఉంది, ఎత్తు జబ్బులకు వైద్యం చేయడంలో అక్కడి డాక్టర్లకు చేయి తిరిగి ఉంటుంది. అవసరమైతే విమానంలో కిందికి దిగిపోవచ్చు.

ఇక ఖర్చు పక్కకు వద్దాం. లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. పొద్దున బెంగళూరులో ఇడ్లీ తిన్న మనిషి మధ్యాహ్నానికి అక్కడుంటే ఒళ్ళు సర్దుకోవడానికి వ్యవధి ఏది? తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవడం దగ్గర మొదలై, కొందరికి ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరే దాకా పోతుంది. కండలు తిరిగిన కుర్రాడికి రావచ్చు, ముసలాయనకు రాకపోవచ్చు. ముందుగా చెప్పలేం. అందుకే విమానంలో దిగినవాళ్ళు మొదటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలంటారు. వారం రోజుల సెలవులో ఆ రెండు రోజులు మింగుడుపడక మూడోనాటికే ఖార్దుంగ్ లా ఎక్కేవాళ్ళు ఉన్నారు. దాని ఎత్తు 17,500 అడుగుల పైచిలుకు!

రోడ్డున వెళితే? శ్రీనగర్ వైపు నుంచి మెల్లగా ఎక్కవచ్చు. శ్రీనగర్ 5,200 అడుగులు, సోనామార్గ్ సుమారు 9,000, కార్గిల్ 8,800, ఆ తర్వాత లేహ్. ఆరోగ్యవంతులకు ఇది మంచి దారే. మనాలి వైపు నుంచి లేహ్‌కు పోయే దారి అలా కాదు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ బాధ తప్పింది కానీ, ఆ పైన 16,000, 17,000 అడుగుల కనుమలు దాటాలి. మధ్యలో పడుకునే చోట్లు కూడా ఎత్తైనవే.

స్పితి పద్దు

స్పితికి విమానం లేదు, రైలు లేదు. రెండే దారులు. మనాలి నుంచి 15,000 అడుగుల కుంజుం లా దాటి కాజా చేరవచ్చు. దూరం సుమారు 200 కిలోమీటర్లే. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు మంచుతో మూతపడి ఉంటుంది, రోడ్డు కూడా అంతంతమాత్రం. రెండోది సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా, సట్లెజ్ నది వెంట. కాజా చేరేసరికి 400 కిలోమీటర్లు దాటుతుంది. తొందర ఉన్నవాళ్ళకు ఇది శిక్ష. తొందర లేనివాళ్ళకు ఇదే వరం.

ఎందుకంటే రాత్రి పడుకునే ఊళ్ళ ఎత్తులు చూడండి. సిమ్లా 7,200 అడుగులు. సరాహన్ ఇంచుమించు అంతే. కల్పా 9,700. టాబో 10,750. కాజా 12,000. మెట్లు కట్టినట్టు లేదూ? పది వేల అడుగులు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు 1,600 అడుగుల కంటే ఎక్కువ పెంచవద్దని వైద్యుల సూత్రం. ఈ దారి ఆ సూత్రం తెలిసి వేసినట్టే ఉంటుంది.

స్పితి పద్దులో నష్టాలూ ఉన్నాయి. కాజాలో ఆసుపత్రి ఉంది కానీ పెద్ద జబ్బైతే ఎన్నో గంటలు రోడ్డున దిగిరావాలి. వానాకాలంలో కిన్నౌర్ కొండచరియలు విరిగిపడతాయి. 2021 ఆగస్టులో నిగుల్సరి దగ్గర బస్సు మీద, ఇతర వాహనాల మీద కొండ కూలి ఇరవై ఐదు మందికి పైగా పోయారు. లడఖ్‌కు కూడా ఆ భయం లేకపోలేదు. 2010 ఆగస్టులో లేహ్ మీద మేఘం బద్దలై వందల మంది చనిపోయారు. కాబట్టి ఎక్కడికైనా సరే, వానలు వెనక్కి తగ్గిన సెప్టెంబరు నెల మేలని నిర్ణయించాం.

పది వేల అడుగుల గీత

బావను బెంగళూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. ఎక్స్‌రే, ఊదించి చూసే పరీక్ష, ఆరు నిమిషాలు నడిపించి రక్తంలో ఆక్సిజన్ చూడడం, అన్నీ అయ్యాయి. జబ్బు మొదటి దశలోనే ఉందనీ, పెరగడం లేదనీ చెప్పారు. "కొండలు చూడనివ్వండి. కానీ పది వేల అడుగులు దాటనివ్వకండి. రోజుకు కొంచెం కొంచెంగా ఎక్కండి. ఈ అంకె కంటే తగ్గితే ఆలోచించకుండా కిందికి దిగండి" అని వేలికి పెట్టే ఆక్సిమీటరుకు ఒక హద్దు రాసిచ్చారు. కోవిడ్ కాలంలో కొని బీరువాలో పడేసిన ఆ పరికరం ఇలా పనికొచ్చింది. ఇది మా బావకు చెప్పిన మాట. మీ ఇంట్లో ఎవరికైనా గుండె, ఊపిరి ఇబ్బంది ఉంటే వాళ్ళను చూపించి వాళ్ళ గీత వాళ్ళు గీయించుకోవాలి.

కామర్సు చదివినవాళ్ళకు మొదట నేర్పే సూత్రం ఒకటుంది. లాభం చేతికి వచ్చేదాకా లెక్కలో వేయకు, నష్టం మాత్రం అనుమానం రాగానే వేసెయ్యి. ఆ సూత్రంతోనే కాగితం తీసుకుని దారులన్నీ రాశాను. ఏ దారిలో ఎంత దూరం పోతే పది వేల అడుగుల గీత దాటుతుందో చూశాను. విమానంలో లేహ్ అయితే మొదటి అడుగే గీత పైన. శ్రీనగర్ దారిలో సోనామార్గ్ దాటగానే జోజి లా, 11,500 అడుగులు. ఎడారి మొదలయ్యేది దాని అవతలే. కార్గిల్ గీత కిందే ఉన్నా అక్కడికి చేరాలంటే గీత దాటక తప్పదు. మనాలి దారిలో అటల్ సొరంగమే 10,000 అడుగుల పైన ఉంది. సిమ్లా-కిన్నౌర్ దారి ఒక్కటే కల్పా దాకా ఎక్కడా గీత దాటదు. ఏ రోజు వద్దనిపిస్తే ఆ రోజు ఆ ఊళ్ళోనే ఆగిపోవచ్చు.

అయితే కల్పా పచ్చటి ఊరు. దేవదారు చెట్లు, ఆపిల్ తోటలు. అక్కడే ఆగిపోతే బావ ఎడారి చూడనట్టే కదా? ఈ ముడి విప్పింది లడఖ్ కావాలన్న మా అబ్బాయే! వాడు రెండు రాత్రులు పటాలు ముందు వేసుకుని కూర్చుని, ఖాబ్ అనే చోటు పట్టుకున్నాడు. కల్పా నుంచి రోడ్డు మళ్ళీ సట్లెజ్ ఒడ్డుకు దిగుతుంది. నది వెంటే పోతే పచ్చదనం తగ్గుతూ తగ్గుతూ మాయమై, స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలిసే ఖాబ్ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా బోడి కొండల రాజ్యం. దాని ఎత్తు 8,000 అడుగులే! గీతకు రెండు వేల అడుగుల కిందే ఎడారి ఉందన్నమాట.

బావకు ఇదంతా వివరిస్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "మేము దిగింది కూడా ఇట్లే కదప్పా. ఒకే కేజ్‌లో అడుగుకు పోయేది లేదు. ఒక షాఫ్ట్‌లో దిగాలి, లోపల నడవాలి, ఇంకో షాఫ్ట్‌లో దిగాలి. తొందరపడినోడు ఎవడూ బాగుపడలేదు" అన్నారు. ఓట్లు లెక్కపెట్టే పని లేకుండానే స్పితి గెలిచింది.

దారిలో

ఢిల్లీ దాకా, అక్కడి నుంచి కాల్కా దాకా రైల్లో వెళ్ళాం. కాల్కా నుంచి సిమ్లాకు 1903లో వేసిన చిన్న రైలు. 96 కిలోమీటర్లలో వందకు పైగా సొరంగాలు! పిల్లలు కిటికీలోంచి లోయలు చూస్తుంటే బావ మాత్రం సొరంగం వచ్చినప్పుడల్లా తల బయటకు పెట్టబోతారు, అక్క చొక్కా పట్టుకుని లాగుతుంది. బరోగ్ దగ్గర కిలోమీటరుకు పైగా పొడవున్న సొరంగం ఉంది. అక్కడ ముందు రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చిన సొరంగం మధ్యలో కలవలేదని ఒక కథ చెప్పుకుంటారు. అది విని బావ, "కొలత తప్పితే అంతే" అని గంభీరంగా తల ఊపారు.

సిమ్లాలో రెండు రాత్రులు. సరాహన్‌లో ఒక రాత్రి. కట్టె, రాయి వరసలుగా పేర్చి కట్టిన భీమాకాళి గుడి అక్కడుంది. మూడోది కల్పా. తెల్లవారి లేచి తలుపు తీస్తే ఎదురుగా కిన్నెర కైలాసం, ఇరవై వేల అడుగులకు దగ్గరగా. కొండ అంచు మీద నిలబెట్టినట్టున్న శివలింగం రాయిని హోటలు కుర్రాడు వేలితో చూపించాడు. బావ కండువా భుజం మీంచి తీసి నడుముకు చుట్టుకుని దణ్ణం పెట్టారు. "పాతాళం, కైలాసం రెండూ అయినాయి" అని అక్క అంది. ఇంటి దగ్గర ఆ మాటకు లేచి వెళ్ళిపోయిన మనిషి, ఇక్కడ తనే అంది.

రెండు రోజులు కల్పాలో గడిపాక రెండు బండ్లు మాట్లాడుకుని ఖాబ్ వెళ్ళాం. రోడ్డును కొండలోకి గుల్ల చేసి వేశారు. చాలాచోట్ల తల మీద బండ చూరులా వేలాడుతుంటుంది. పక్కన ఎక్కడో లోతున నది. ఒక్కో మలుపుకూ చెట్లు తగ్గాయి, తర్వాత పొదలు తగ్గాయి, ఆ తర్వాత గడ్డి కూడా లేదు. వంతెన దగ్గర దిగితే రెండు నదుల హోరు తప్ప మరో చప్పుడు లేదు. చుట్టూ గోధుమరంగు, బూడిదరంగు రాళ్ళు. నల్లటి రాతి గోడల్లో తెల్లటి చారలు అడ్డదిడ్డంగా పాకి ఉన్నాయి.

బావ ఆ చారల వంక చాలాసేపు చూశారు. మన గనుల్లో బంగారం ఉండేది అలాంటి తెల్లరాతి పొరల్లోనే. ఒక రాయిని అరచేత్తో తట్టి చెవి ఆనించారు. పాత అలవాటు. గనిలో పైకప్పు గట్టిదో కాదో అలా తట్టి వినేవారట. "ఇరవై ఏళ్ళకు పైగా రాయిని లోపల్నుంచే చూసినానప్పా. బయటినుంచి ఇంత పెద్ద రాయిని చూడ్డం ఇదే మొదలు" అన్నారు. ఆక్సిమీటరు అంకె బాగానే ఉంది. తెచ్చుకున్న పులిహోర అక్కడే రాళ్ళ మీద కూర్చుని తిన్నాం. తర్వాత అక్క, బావ ఒక బండిలో కల్పాకు తిరిగి వెళ్ళారు. మేము నలుగురం ముందుకు సాగాం.

టాబో, కాజా

నాకో దగ్గర టీ తాగి, పడుకోవడానికి టాబో చేరాం. అక్కడి విహారం 996లో వెలిసింది. మట్టి గోడలు, చిన్న ద్వారాలు, లోపల చీకట్లో వెయ్యేళ్ళ నాటి మట్టి బొమ్మలు, గోడచిత్రాలు. మన కోలారమ్మ గుడిలోని చోళుల శాసనాలు కూడా ఇంచుమించు ఆ కాలానివే. మన వాళ్ళు రాతితో కట్టింది నిలిచిందంటే వింత లేదు. మట్టితో కట్టింది వెయ్యేళ్ళు నిలవడం వానలేమి చేసిన ఉపకారం. కరువుకు ఇలాంటి పుణ్యం కూడా ఉంటుందని అక్కడే తెలిసింది.

కాజాలో మొదటిరోజు మా ఆవిడకు తలనొప్పి. ఆ రోజు, మర్నాడు ఎక్కడికీ పోకుండా నీళ్ళు, వేడి సూపు తాగుతూ గడిపాం. తగ్గాకే 13,600 అడుగుల కీ గోంపాకు, ఆపైన లాంగ్జాకు, హిక్కింకు వెళ్ళాం. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న నేల ఇది. అందుకే లాంగ్జా చుట్టుపక్కల రాళ్ళలో గవ్వల అచ్చులు కనబడతాయి. వాటిని కొని తేవద్దు, అది చట్టవిరుద్ధం. హిక్కింలో 14,500 అడుగుల ఎత్తున 1983 నుంచి ఒక తపాలా ఆఫీసు ఉంది. పిల్లలు అక్కడి నుంచి బావకు కార్డు రాసి వేశారు.

ఒక ఇంట్లో భోజనం పెట్టారు. వేయించిన బార్లీ పిండిని వెన్న వేసిన ఉప్పు టీతో ముద్దగా కలిపి ఇచ్చారు. మా అమ్మాయి నోట్లో పెట్టుకుని, "నాన్నా, ఇది మన రాగి సంగటికి చుట్టం" అంది. నీళ్ళు లేని నేల మీద మనిషి ఎక్కడైనా ముద్దే తింటాడు కాబోలు.

కుంజుం లా దాటి చంద్రతాల్ చూసి మనాలిలో దిగుదామని డ్రైవరు అన్నాడు. మేము వెళ్ళలేదు, వచ్చిన దారినే తిరిగాం. కల్పాలో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. చేరేసరికి బావ పక్క తోటలో బుట్ట పట్టుకుని ఆపిల్ కోతలో ఉన్నారు. హిందీ ఒక్క ముక్క రాని మనిషి ఆ తోట ముసలాయనతో ఏం మాట్లాడారో, వెళ్ళేటప్పుడు ఆయన రెండు పెట్టెల పళ్ళు బండిలో పెట్టించాడు.

వెళ్ళబోయేవారికి

సెలవు వారమే ఉండి, అందరూ ఆరోగ్యంగా ఉంటే లడఖ్ వెళ్ళండి. కానీ మొదటి రెండు రోజులు మంచానికి రాసివ్వండి. పన్నెండు రోజులు దొరికితే, ఇంట్లో పెద్దవాళ్ళుంటే, సిమ్లా వైపు నుంచి స్పితి వెళ్ళండి. లడఖ్ మీద మనసుపడితే శ్రీనగర్ నుంచి ఎక్కండి. ఎత్తు జబ్బు మాత్రలు డాక్టరు చెబితేనే వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి. తలనొప్పి పెరుగుతుంటే, కూర్చున్నా ఆయాసం వస్తుంటే, అడుగు తడబడుతుంటే ఇంకో మెట్టు ఎక్కవద్దు, దిగండి.

లడఖ్‌లో మన ప్రీపెయిడ్ ఫోన్లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కాజాలో బ్యాంకు, ఏటీఎం ఉన్నాయి. అయినా బ్యాంకువాడిగా నా సలహా, నోట్లు వెంట ఉంచుకోండి. లైను తెగితే ఏ కార్డూ అన్నం పెట్టదు. అనుమతుల నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు విచారించండి. రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి, కొండ రోడ్డు మన రిజర్వేషన్ చూసి తెరుచుకోదు.

ఏ చోటు అందమైనది అని అడిగితే రెండూ అందమైనవే. ఏ దారి అని అడిగితే మాత్రం నా జవాబు ఒకటే. మీ ఇంట్లో ఎవరి ఊపిరి అందరికంటే చిన్నదో, ఆ ఊపిరితో దారిని కొలవండి. అప్పుడు ఎవరినీ ఇంటి దగ్గర వదిలి వెళ్ళే పని ఉండదు. పిల్లలు హిక్కింలో వేసిన కార్డు మేము తిరిగొచ్చిన చాలా రోజులకు రాబర్ట్‌సన్‌పేట చేరింది. బావ దాన్ని తన గని గుర్తింపు కార్డుతో పాటు ఒకే కవరులో దాచుకున్నారు.